గుడ్డ కోసం వచ్చిన ఓడలు

మంగినపూడి వైపు కొత్త రేవు పనులు సాగుతున్న ఈ రోజుల్లో, పాత బందరు (మచిలీపట్నం) రేవు లెక్కలు ఒకసారి తిరగేయాలనిపించింది మాకు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ దిగింది రాజ్యం కోసం కాదు, గుడ్డ కోసం. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్లకు మన అద్దకం బట్టలే కావాలి. చిరివేరు నుంచి తీసిన ఎరుపు రంగు ఉతికినా వదలదు మరి!

లాభం రుచి మరిగాక ఫిరంగులూ వచ్చాయి. 1759లో ఫ్రెంచివారి నుంచి బందరు కోట గుంజుకున్న ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ, శిస్తు రాబడి మీదా కన్నేసింది. తమాషా ఏమిటంటే, ఇలాంటి అద్దకం బట్టలనే ఇంగ్లండులో ఎవరూ కట్టకూడదని అక్కడి పార్లమెంటు 1721లోనే చట్టం చేసింది! ఈ సంచిక రచనలన్నీ దొరల కచేరీ నుంచి కాక, బయానా తీసుకున్న నేతగాడి మగ్గం గుంటలోంచి ఈ కథను చూస్తాయి. దివిసీమ, గుడివాడ పాఠకులు తమ ఊరి శిస్తు ముచ్చట్లు రాసి పంపితే వచ్చే సంచికలో చోటిస్తాం.