ఉభయ కుశలోపరి

మన పెద్దలు ఉత్తరం మొదలుపెడితే ముందుగా "ఉభయ కుశలోపరి" అని రాసేవారు. అక్కడ మీరు, ఇక్కడ మేము క్షేమమైతేనే మిగతా సంగతులు అని దాని భావం. సముద్రాల కవతల ఒక దాత మన పల్లెలోని బిడ్డ చదువుకు డబ్బు పంపుతున్నప్పుడు ఈ "ఉభయ" అనే మాటకు చోటుందా? ఉండాలనే నేనంటాను.

మా అనంతపురం జిల్లాకు ఇది కొత్త విషయం కాదు. 1969లో ఇక్కడికి వచ్చి, 2009లో కన్నుమూసేదాకా ఇక్కడివాడిగానే బతికిన విన్సెంట్ ఫెర్రర్ గారి సంస్థ ద్వారా స్పెయిన్ దేశస్థులు వేలాది పిల్లలకు ఆసరాగా నిలిచారు. చిత్రమేమిటంటే, ఒకప్పుడు ఇలాంటి ఆసరా అందుకున్నది స్పెయిన్ పిల్లలే! 1937లో, అక్కడి అంతర్యుద్ధ కాలంలో, జాన్ లాంగ్డన్-డేవిస్ అనే బ్రిటిష్ పత్రికా రచయిత ఇల్లూ వాకిలీ చెదిరిన పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కొక్క దాతను కుదిర్చి, ఇద్దరి మధ్యా సొంత సంబంధం ఉండాలని తలచాడు. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అనేవి నొసటన రాసిపెట్టినవి కావన్నమాట.

"చదివించేది డబ్బు. తపాలా ఖర్చు కూడా ఫీజులకే ఇవ్వొచ్చుగా?" అన్నాడు మా హాస్టల్ మిత్రుడొకడు. డబ్బు పనిచేస్తుంది, నిజమే. ఇలాంటి ఒక కార్యక్రమం మీద మన దేశంతో సహా ఆరు దేశాలలో చేసి, 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఆసరా పొందిన పిల్లలు సగటున ఏడాదికి పైగా ఎక్కువ చదివినట్లు తేలింది. మరొకడు ఇంకా గట్టిగా అన్నాడు: "కృతజ్ఞతలు రాయించడమంటే పసివాడి చేత దండం పెట్టించడమే!" బోర్డు మీద "మీ దయవల్ల" అని రాసిస్తే పిల్లలంతా దించుకోవడం నేనూ చూశాను. అది ఉత్తరం కాదు, రసీదు.

కాని మా వీధి పాప ఒకతె, మూడో క్లాసు, తనంతట తానే రాసింది: "వాన రాలేదు. సెనక్కాయ చెట్లు వాడిపోయినాయి. మీ ఊర్లో వానొచ్చిందా?" నాలుగు నెలలకు జవాబు వచ్చింది. ఆ దాత తండ్రిది ఆలివ్ తోటట. అక్కడా వాన లేక కాపు రాలిపోయిందట. సాయం పుచ్చుకునేటప్పుడు తలవంచుకునే పాప తండ్రి ఆ ఉత్తరాన్ని నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. "దొరలకూ వాన బాధ ఉందే! చెట్టు పాదులో చిల్లి కుండ పాతి నీళ్లు పోయమని రాయి పాపా" అన్నాడు. ఆయన కూడా ఒకటి ఇవ్వగలిగాడు!

డబ్బు ఒకవైపే పారుతుంది. ఉత్తరం మా కెమిస్ట్రీలో చెప్పే ద్విగత చర్య.

అందుకే మాస్టర్లకు నా విన్నపం: పిల్లల మాటలు పిల్లలనే రాయనివ్వండి, తప్పులుంటే ఉండనివ్వండి. దేశాంతరంలో స్థిరపడి ఎవరినైనా చదివిస్తున్న మా పూర్వ విద్యార్థి సోదరులారా! డబ్బుతో పాటు రెండు ముక్కలు రాయండి. నీతులొద్దు. మీ ఊరి మంచు సంగతి రాయండి, బిడ్డ అడిగినదానికి జవాబు చెప్పండి. ఎక్కడో ఒక పిల్ల ఆ జవాబు కోసం పోస్టుమాన్ సైకిలు వైపు చూస్తూ ఉంటుంది.