ముందు హద్దురాళ్లు, తర్వాతే చందాలు

ప్రభుత్వం దగ్గర డబ్బుల్లేవు, దాతలు ముందుకొస్తే తప్ప పార్కులు బతకవు. విశాఖలో వాకర్స్ క్లబ్ మీటింగుకు వెళ్లినా, కంపెనీల సీఎస్‌ఆర్ సభకు వెళ్లినా ఇదే పాట. కార్తీక వనభోజనాల మైకులోనూ ఇదే. వినగా వినగా జనానికి నమ్మకం కుదిరిపోయింది. నాకు కుదరలేదు. పచ్చదనానికి కొరవడింది డబ్బు అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది. కొరవడుతున్నది నేల. ఉన్న నేల చేజారిపోతుంటే దాన్ని పట్టి ఆపేవాళ్లు లేరు. చందాల హడావిడిలో ఆ సంగతి మరుగున పడుతోంది.

పద్మనాభం సంగతే చూడండి. చరిత్ర పుస్తకాల్లో ఈ ఊరంటే 1794 జూలై 10. పేష్కష్ (కప్పం) బకాయిల దగ్గర ముదిరిన తగువులో విజయనగరం రాజు విజయరామరాజు కుంఫిణీ సేనల చేతిలో నేలకొరిగింది ఇక్కడే. విశాఖవాళ్లకి మాత్రం పద్మనాభం అంటే అనంత పద్మనాభస్వామి కొండ, వెయ్యికి పైగా మెట్లు, పైనుంచి కనిపించే పొలాలు, గోస్తనీ నది. ఆ మెట్లెక్కే మనిషిని నువ్వు ఏ క్లబ్బు సభ్యుడివని ఎవరూ అడగరు. అదే గోస్తని మీద ఎగువన తాటిపూడి రిజర్వాయరు ఉంది. నగరం ఆ నీళ్లు తాగుతోంది. కొండా ఏరూ చెరువులూ తోటలూ ఉన్న ఈ మండలంలో ప్రకృతిని జనానికి ‘అందుబాటులోకి తేవడానికి’ ఎవరి విరాళమూ అక్కర్లేదు. అందుబాటులోనే ఉంది. పోకుండా చూస్తే చాలు.

కానీ పోతోంది. నగరం ఆనందపురం దాటి ఇటు వచ్చేసింది. 2020 జనవరిలో పేదల ఇళ్ల స్థలాల కోసం విశాఖ చుట్టూ 10 మండలాల్లో ఆరు వేల ఎకరాలకు పైగా భూసమీకరణకు జీవో ఇచ్చారు. ఆ జాబితాలో పద్మనాభం పేరూ ఉంది. పేదవాడికి ఇల్లు వద్దని నేననను. అయితే రికార్డులో ఖాళీగా కనిపించే నేల మీద ఊరి గొడ్లు మేస్తాయనీ, సాయంత్రం పూట పిల్లలు క్రికెట్ ఆడతారనీ రాసుకునే కాలమ్ ఏ అడంగల్‌లోనూ లేదు. ఇళ్ల స్థలాలకి ఇచ్చినా, రియల్ ఎస్టేటు మింగినా, ముందు పోయేది ఆ కాలమ్‌కెక్కని నేలే.

ఇక దాతల దగ్గరికొద్దాం. 2020 సెప్టెంబరులో హైదరాబాద్ శివార్లలోని ఖాజీపల్లి రిజర్వు ఫారెస్టులో 1,650 ఎకరాలను నటుడు ప్రభాస్ దత్తత తీసుకుని 2 కోట్లు ఇచ్చారు. 2022లో చెంగిచర్లలో 1,080 ఎకరాలకు నాగార్జున మరో 2 కోట్లు ఇచ్చారు. ఇచ్చిన చేతిని తప్పుపట్టను. తీసుకున్న చేతి లెక్క అడుగుతాను. ఖాజీపల్లిలో ఎకరానికి పడింది పన్నెండు వేల రూపాయలు. ఆ అడవి అప్పటికే జనం సొత్తు, దాన్ని కాపాడేందుకు అప్పటికే ఒక శాఖ ఉంది, దానికి మనం పన్నులు కడుతున్నాం. కంచ కూడా దాత వేయించాల్సి వస్తే ఆ శాఖ దేనికి?

అక్కడికి ఎంతో దూరం లేదు కంచ గచ్చిబౌలి. 2025 మార్చి ఆఖర్లో 400 ఎకరాల్లో రాత్రీ పగలూ జేసీబీలు తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంటేగానీ ఆగలేదు. మధ్యలో ప్రభుత్వం మారింది, పద్ధతి మారలేదు. ఒక పక్క అడవిని బాగుచేయడానికి కోట్లు పుచ్చుకుంటూ, మరో పక్క చెట్లున్న నేలను వేలానికి సిద్ధం చేయడం. ఒక్క వేలంపాట ముందు వందమంది దాతలు ఏపాటి?

మన దగ్గరా అంతే. ఎర్రమట్టి దిబ్బలను 2014లో జియోలాజికల్ సర్వే వారసత్వ స్థలంగా గుర్తించింది. పదేళ్లు తిరిగేసరికి, 2024 జూలైలో, ఆ పక్కనే చదును పనులకు యంత్రాలు దిగాయి. రుషికొండను తొలిచి, గాయం కనపడకుండా ఆకుపచ్చ పట్టాలు కప్పడం ఊరంతా చూసింది. ఇవి డబ్బు లేక జరిగిన పనులా?

దీనికి వెంటనే న్యూయార్క్ సెంట్రల్ పార్కును చూపిస్తారు. 1980లో పుట్టిన కన్సర్వెన్సీ విరాళాలతోనే దాన్ని నిలబెట్టిందని, 2012లో ఒక్క మదుపరే పది కోట్ల డాలర్లు ఇచ్చాడని. నిజమే. కానీ ఆ నేల నగరానిదే, లోపలికి టికెట్టు లేదు. ఇంకో సంగతి, ఆ పార్కు చుట్టూ ఉండేది కుబేరులు. బ్రాంక్స్‌లోని పార్కు కిటికీలోంచి చూసే కోటీశ్వరుడు ఎవరు? మన విశాఖలోనూ పాత సెంట్రల్ జైలు స్థలంలో ఒక సెంట్రల్ పార్కు పెట్టుకున్నాం. పేరు తెచ్చుకున్నాం గానీ టికెట్టు లేకపోవడం తెచ్చుకోలేదు.

సీఎస్‌ఆర్ సొమ్ముదీ అదే దారి. 2013 కంపెనీల చట్టం లాభాల్లో 2 శాతం ఖర్చు పెట్టమంది, పర్యావరణాన్ని జాబితాలో చేర్చింది, కంపెనీ ఉన్న చోటికి మొదటి ప్రాధాన్యం ఇవ్వమంది. పద్మనాభంలో పోర్టు లేదు, ఉక్కు ఫ్యాక్టరీ లేదు. అందుకని ఇక్కడి పిల్లలు ఒక ఊయలకి ఎవరి లాభాల కోసం ఎదురుచూడాలి?

దానం మన సంప్రదాయం కదా, సప్త సంతానాల్లో వనం నాటించడం ఒకటి కదా అని పెద్దలు అంటారు. బాగుంది. అయితే ఆ సంప్రదాయాన్ని సగమే గుర్తుపెట్టుకోకూడదు. వెనకటి దాత గుడి కట్టిస్తే ధూపదీపాలకు మాన్యం రాసేవాడు. చెరువు తవ్విస్తే ఏటా పూడిక తీయడానికి, గట్టు చూడడానికి దశబంధం ఇనాం ఉండేది. ఇప్పటి దానం ఫొటోతో సరి. రోడ్డు పక్క ట్రీగార్డు చూడండి: ఇనప చట్రం, దానికి మూరెడు రేకు, రేకు మీద దాత పేరు, ఆయన పదవి, ఫోన్ నంబరు. లోపల ఎండు పుల్ల. నీళ్లు పోసేవాడి జీతం ఏ బోర్డు మీదా ఉండదు, ఎందుకంటే దాన్ని ఎవరూ ఇవ్వలేదు.

స్వచ్ఛందంగా జరిగిన మంచి పని లేదా? ఉంది. పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలోని బయోడైవర్సిటీ పార్కు వెనక డాల్ఫిన్ నేచర్ కన్సర్వేషన్ సొసైటీ శ్రమ ఉంది. వాళ్లిచ్చింది వృక్షశాస్త్రం, ఓపిక. నేల ప్రభుత్వానిది. దాతల పని అక్కడ మొదలవ్వాలి.

పద్మనాభం, ఆనందపురం, భీమిలి వైపు ఎవరైనా పార్కు నిధి అంటూ రసీదు పుస్తకం తెస్తే, డబ్బు తీసే ముందు ఒక పని చేయమంటాను. లేఅవుట్‌కు అనుమతి రావాలంటే పదో వంతు ఖాళీ స్థలం వదిలి, దాన్ని రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించాలని నిబంధన. వదలని చోట, 2020 లేఅవుట్ల క్రమబద్ధీకరణ (ఎల్‌ఆర్‌ఎస్) నిబంధనల ప్రకారం, ఆ లోటుకు ప్లాటు విలువలో 14 శాతం కొన్నవాళ్ల దగ్గరే వసూలు చేశారు. అంటే పార్కు స్థలమో, పార్కు డబ్బో, ఏదో ఒకటి మనం ఇచ్చేసే ఉన్నాం. ఈ మండలంలో ఎన్ని లేఅవుట్లకు అనుమతి ఇచ్చారు, ఆ పదో వంతు ఏ సర్వే నంబర్లలో ఉంది, గిఫ్ట్ డీడ్ ఏ తేదీన అయింది, అక్కడిప్పుడు గుడి లేచిందా, షెడ్డు లేచిందా, గడ్డి ఉందా, వసూలైన 14 శాతం ఏ ఖాతాలో ఉంది? నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏకు, పంచాయతీ కార్యదర్శికి సమాచార హక్కు కింద చెరో దరఖాస్తు పెడితే సరి. ఖర్చు పది రూపాయలు. ఆ పది నేనిస్తాను, రసీదు అక్కర్లేదు.