రాసేది యంత్రమైనా సంతకం మనదే

పాతికేళ్ల క్రితం ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలంటే నిరుద్యోగులు జాబ్ టైపింగ్ సెంటర్ల మెట్లెక్కేవారు. పేరు, తండ్రిపేరు, చదువు, అనుభవం ఒకే పేజీలో వచ్చేవి. అలాంటి సెంటర్ నడిపినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడా పని సెల్‌ఫోన్ చేస్తున్నది. 2022 నవంబరు 30న చాట్ జీపీటీ విడుదలైన తరువాత, నాలుగు ముక్కలు చెబితే చాలు, నిమిషంలో ఇంగ్లీషు బయోడేటా చేతికొస్తున్నది. గూగుల్ వారి నోట్‌బుక్ ఎల్ఎంకు మన వివరాలిస్తే, ఇద్దరు కూర్చుని మన ఉద్యోగ జీవితం గురించి ముచ్చటించుకుంటున్నట్టు వినిపించే సదుపాయం కూడా 2024లో వచ్చింది.

ఇది మంచి పరిణామమే. పని రాక కాదు, చేసిన పని చెప్పుకోవడం రాక వెనకబడినవారు మన జిల్లాలో ఎందరో ఉన్నారు. పదిహేనేళ్లు మోటారు రీవైండింగ్ చేసిన మెకానిక్ నా దగ్గరకు వచ్చి "మోటారు పని తెలుసు అని రాయండి సార్" అనేవాడు. ఎన్ని హార్స్‌పవర్ మోటార్లు, సబ్‌మెర్సిబులా కాదా, తన చేతికింద ఎందరు కుర్రాళ్లు పని నేర్చుకున్నారు అన్నవి గుచ్చి గుచ్చి అడిగితేగాని చెప్పేవాడు కాదు. అలాంటివాడు నేడు తెలుగులోనే చెప్పుకుంటే, ఆ యంత్రం ఇంగ్లీషులో వరుసగా పేర్చిపెడుతుంది. ఇంతకాలం ఇంగ్లీషు రానివాడికి అడ్డుపడిన గోడ కొంత తగ్గినట్టే.

అయితే చిక్కంతా "ఇంకా బాగా రాయి" అన్నప్పుడే వస్తున్నది. ఈ యంత్రానికి మన జీవితం తెలియదు. ఏ మాట తరువాత ఏ మాట రావచ్చునో లెక్కగట్టి రాయడమే దాని పని. ఖాళీ కనిపిస్తే నిజంలా తోచేదానితో నింపేస్తుంది.

మా వీధిలో బి.కాం. చదివిన కుర్రాడొకడు ఎరువుల దుకాణంలో రెండేళ్లు లెక్కలు రాశాడు. అతని బయోడేటాలో యంత్రం "బృందానికి నాయకత్వం వహించి, ఖర్చులు 30 శాతం తగ్గించాడు" అని రాసింది. ఇంటర్వ్యూలో ఏ ఖర్చులు తగ్గించావని అడిగితే నోట మాట రాలేదు. ఉద్యోగం పోయింది. నిజానికి ఆ కుర్రాడు రోజూ రాత్రి పీఓఎస్ మిషన్‌లోని స్టాకునూ, గోడౌన్‌లోని బస్తాలనూ సరిచూసి, తేడా వస్తే కారణం తేల్చి, ఆ తరువాతే ఇంటికి వెళ్లేవాడు. ఆ ఒక్క మాట రాసి ఉంటే ఎంత బాగుండేది! లేని గొప్ప రాసుకుని, ఉన్న గొప్ప పోగొట్టుకున్నాడు.

పైగా అందరూ అదే యంత్రాన్ని అడుగుతుంటే దరఖాస్తులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటున్నాయి. వాటి మధ్య మనిషిని వేరు చేసి చూపేది అతను చేసిన పని వివరమే.

యువకులకు నా మనవి ఇది. ముందు మీరు చేసిన పనిని తెలుగులో మీరే రాసుకోండి. ఆ తరువాతే యంత్రానికి ఇవ్వండి. నేను చెప్పనిది చేర్చవద్దని దానికి చెప్పండి. అయినా నమ్మకుండా ప్రతి వాక్యం చదవండి. రెండు నిమిషాలు వివరించలేని వాక్యాన్ని కొట్టేయండి. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు మాత్రం ఇవ్వకండి.

ఉద్యోగ మేళాలు జరిపే అధికారులు మేళాకు వారం ముందు ఒక పూట ఈ విషయంపై ఉచితంగా శిక్షణ ఇప్పించాలి. ఐటీఐలు, డిగ్రీ కళాశాలలు, గ్రంథాలయాలు ఇందుకు చాలు; పెద్ద ఖర్చేమీ లేదు.

ప్రతి బయోడేటా చివర "పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ధ్రువీకరిస్తున్నాను" అన్న వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని యంత్రమూ రాస్తుంది. కింద సంతకం పెట్టవలసింది మాత్రం మనమేనని మరువరాదు.