పిలుపు వారిది, దారి ఖర్చులు వీరివి

ఉద్యోగ ప్రకటనల్ని చివరిదాకా చదివే అలవాటున్న నిరుద్యోగులకు ఆ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. అర్హతలు, వయోపరిమితి, జీతం, రిజర్వేషన్లు అన్నీ అయ్యాక, అధికారి సంతకానికి కాస్త పైన కనిపిస్తుంది: ‘ఇంటర్వ్యూకు హాజరయ్యే అభ్యర్థులకు టీఏ, డీఏ చెల్లించబడవు.’ చాలా ప్రైవేటు కంపెనీలు ఆ మాట చెప్పే శ్రమ కూడా తీసుకోవు. తేదీ, సమయం, చిరునామా ఇచ్చి ఒరిజినల్ సర్టిఫికెట్లు వెంట తెమ్మంటాయి. ఎలా రావాలి, ఎవరి డబ్బుతో రావాలి అన్నది వచ్చేవాడి తలనొప్పి. సంపాదన లేదు కాబట్టే ఉద్యోగం వెతుక్కుంటున్న మనిషి, సంపాదిస్తున్నవాడిలా ఖర్చు పెట్టాలన్నమాట.

శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ పూర్తి చేసిన కుర్రాడికి పుణేలో ఇంటర్వ్యూ పడిందనుకుందాం. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా దిగవచ్చు. ఒక పగలు, ఒక రాత్రి దాటిన ప్రయాణం. కానీ ఇంటర్వ్యూ కబురు సాధారణంగా నాలుగైదు రోజుల ముందే వస్తుంది. రైల్వే రిజర్వేషన్లేమో 60 రోజుల ముందే మొదలవుతాయి (2024 నవంబర్‌కు ముందు 120 రోజులు). కుర్రాడికి కబురందేసరికి వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంటుంది. ఇక దిక్కు తత్కాల్. స్లీపర్ టికెట్ మీద రూ.200 వరకు అదనం. పైగా కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు. కంపెనీవాళ్లు ‘ఇంటర్వ్యూ వచ్చే వారానికి మార్చాం’ అని తాపీగా ఒక మెసేజ్ పెడితే ఆ డబ్బు గంగలో కలిసినట్టే.

టికెట్‌తో అయిపోదు. స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికైనా లాడ్జి గది కావాలి. స్టేషన్ నుంచి ఊరి చివరి ఐటీ పార్కుకు ఆటో, రెండు పూటలా భోజనం, జిరాక్సులు, ఫొటోలు. అదే అమ్మాయి అయితే తండ్రో, అన్నో తోడు వెళ్లాల్సిందేనని చాలా ఇళ్లలో పట్టుబడతారు. అప్పుడు టికెట్లు రెండు, తోడు వెళ్లినవారి కూలి పోయిన రోజులు అదనం. ఇంతా చేస్తే లోపల జరిగేది ఇరవై నిమిషాల ముచ్చట. చివర్లో ‘మళ్లీ కబురు చేస్తాం’ అన్న మాట. ఒక్క ఉద్యోగం చేతికందేలోపు ఇలాంటి ప్రయాణాలు ఎన్ని చేయాలో ఎవరూ చెప్పలేరు.

ఇది కొన్ని వేల రూపాయల గొడవగా కనిపించవచ్చు. అసలు సమస్య అంతకంటే పెద్దది. రాత పరీక్ష, గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ అని సంస్థలు తమ వడపోత దశల్ని లెక్కపెట్టుకుంటాయి. వాటికంటే ముందే ఇంకో వడపోత జరిగిపోతోంది. అది రైల్వే స్టేషన్‌లో జరుగుతుంది. చార్జీలకు డబ్బు సర్దుకోగలిగినవాడు నెగ్గుతాడు, అప్పు పుట్టనివాడు ఇంట్లోనే ఆగిపోతాడు. ఇంటర్వ్యూ బోర్డు ముందున్న జాబితాలో అతని పేరుకు ఎదురుగా ‘గైర్హాజరు’ అని పడుతుంది. ఆసక్తి లేక రాలేదనుకుంటారు. తెలివైనవాణ్ని పోగొట్టుకున్న సంగతి ఆ సంస్థకు ఎప్పటికీ తెలియదు.

పోనీ దేశంలో దారి ఖర్చులు ఇచ్చే సంప్రదాయమే లేదా అంటే, ఉంది. ఢిల్లీ షాజహాన్ రోడ్డులోని ధోల్పూర్ హౌస్‌కు సివిల్స్ ఇంటర్వ్యూ కోసం ఇటీవలి ఏళ్లలో ఏటా రెండు వేల మందికి పైగా వెళుతున్నారు. యూపీఎస్సీ వారికి రానుపోను ప్రయాణానికి డబ్బు ఇస్తుంది. లెక్క మాత్రం మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్లలో స్లీపర్ తరగతి చార్జీ వరకే. టికెట్ వివరాలతో ఫారం నింపి ఇవ్వాలి. మొత్తం పెద్దది కాకపోవచ్చు. కానీ ‘మేం పిలిచాం కాబట్టి మీరొచ్చారు’ అన్న అంగీకారం అందులో ఉంది. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు పరీక్ష కేంద్రానికి వెళ్లి రావడానికి స్లీపర్ తరగతి ఉచిత పాస్ ఇస్తాయి. ప్రభుత్వ రంగ బ్యాంకులు ప్రత్యేక అధికారుల ఇంటర్వ్యూలకు ఏసీ తరగతి రైలు చార్జీ ఇస్తామని ప్రకటనల్లో రాయడం మామూలే. ప్రొఫెసర్ పోస్టులకు పిలిచే పెద్ద విద్యాసంస్థలదీ అదే పద్ధతి. ప్రైవేటు రంగంలో వైస్ ప్రెసిడెంట్ స్థాయి మనిషిని పిలిస్తే విమానం టికెట్, హోటల్ గది సిద్ధంగా ఉంటాయి.

ఈ వరస కిందికి దిగేకొద్దీ విచిత్రం బయటపడుతుంది. పదవి పెద్దదైన కొద్దీ బండి తరగతి పెరుగుతుంది. పదవి చిన్నదైన కొద్దీ అసలు టికెట్టే మాయమవుతుంది. పరిశోధన సంస్థలో ఆర్నెల్ల ప్రాజెక్టు అసిస్టెంట్, ఆస్పత్రిలో కాంట్రాక్టు నర్సు, కళాశాలలో గెస్టు లెక్చరర్ వంటి పోస్టులకే ‘టీఏ, డీఏ లేవు’ అన్న వాక్యం తప్పనిసరి. నెల జీతం లక్షల్లో ఉన్నవాడికి చార్జీలు ఎవరు పెట్టుకున్నా పెద్ద తేడా పడదు. వేలల్లో కూడా ఇంకా చూడనివాడికే తేడా పడుతుంది. సాయం అవసరమైన చోట లేదు, అవసరం లేని చోట పుష్కలంగా ఉంది.

క్యాంపస్ నియామకాలదీ ఇదే తీరు. పేరున్న ఐఐటీకి కంపెనీలే నడిచి వస్తాయి. విద్యార్థి హాస్టల్ గది నుంచి ఇంటర్వ్యూ గదికి నడిస్తే చాలు. అనంతపురంలోనో, ఆదిలాబాద్‌లోనో పేరు తెలియని కళాశాలలో చదివినవాడు హైదరాబాద్‌కో, బెంగళూరుకో, చెన్నైకో బస్సెక్కి ‘వాక్-ఇన్’ క్యూలో నిలబడాలి. ఒక రౌండ్ అయితే రెండో రౌండ్‌కు వారం తర్వాత రమ్మంటారు. మళ్లీ అదే బస్సు.

దారి ఖర్చుల్ని పూర్తిగా అభ్యర్థి నెత్తిన పెడితే జరిగేదేమిటో 2011 ఫిబ్రవరి 1న ఉత్తరప్రదేశ్‌లో కనిపించింది. ఐటీబీపీలో నాలుగు వందల పైచిలుకు చిన్న ఉద్యోగాల కోసం బరేలీకి లక్షకు పైగా యువకులు తరలివచ్చారు. తిరుగు ప్రయాణంలో బండ్లలో చోటు లేక హిమగిరి ఎక్స్‌ప్రెస్ పైకప్పు మీదికెక్కారు. షాజహాన్‌పూర్ దగ్గర పాదచారుల వంతెన తగిలి పదిహేను మందికి పైగా చనిపోయారు. ఒకే ఊరికి అంతమందిని రమ్మన్నవారు, వాళ్లు ఎలా వస్తారు, ఎలా వెళతారు అన్నది తమ బాధ్యత అనుకోలేదు. ఆ దుర్ఘటనకు కారణాలు చాలానే ఉండవచ్చు. ఆ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే మాత్రం పిలుపే వేరే విధంగా ఉండేది.

పిలిచినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం మన చట్టాలకు కొత్తేమీ కాదు. కోర్టు పక్షుల అనుభవంలో ఉన్న ‘సాక్షి బత్తా’ అదే. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం సాక్షికి సమన్లు పంపమని కోరే పక్షం, అతని ప్రయాణ ఖర్చుల్ని ముందుగానే కోర్టులో జమ చేయాలి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. కూలీల్ని వేరే రాష్ట్రానికి తీసుకెళ్లే కాంట్రాక్టరు రానుపోను చార్జీలకు తగ్గని ప్రయాణ భత్యం ఇవ్వాలని రాసింది. ఆ చట్టం ఎంతవరకు అమలైందన్నది వేరే కథ. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు దాని స్థానాన్ని తీసుకున్నాయి. ఈ కోడ్‌లు ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇచ్చి తీరాలంటున్నాయి. కానీ ఆ పత్రం చేతికి రాకముందు గడిచే నెలల గురించి, ఆ నెలల్లో చేసే ప్రయాణాల గురించి వాటిలో ఒక్క ముక్క లేదు. మన కార్మిక చట్టాల దృష్టిలో ఉద్యోగి ఉన్నాడు, ఉద్యోగార్థి లేడు.

జర్మనీలో అలా కాదు. అక్కడి సివిల్ కోడ్‌లోని 670వ సెక్షన్ ఆధారంగా, ఇంటర్వ్యూకు పిలిచిన సంస్థ సముచితమైన ప్రయాణ ఖర్చుల్ని భరించాలి. ఉద్యోగం ఇచ్చినా ఇవ్వకపోయినా అంతే. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ సంగతి ఆహ్వానంలోనే స్పష్టంగా చెప్పాలి. గమనించాల్సింది ఇదే. మౌనంగా ఉంటే అక్కడ భారం కంపెనీ మీద పడుతుంది, ఇక్కడ అభ్యర్థి మీద పడుతుంది.

యాజమాన్యాల వాదనలోనూ పస లేకపోలేదు. వంద మందిని పిలిచి ఒకరిని తీసుకునే చిన్న సంస్థ అందరి చార్జీలూ ఇస్తే జీతాలకు ఏం మిగులుతుంది? ఊరు చూడటానికి, చుట్టాల్ని పలకరించడానికి ఇంటర్వ్యూను వంక చేసుకునేవారుండరా? చేరే ఉద్దేశం లేకపోయినా చేతిలో ఒక ఆఫర్ ఉంచుకోవడానికి తిరిగేవారి సంగతేమిటి? ఇవన్నీ నిజమే. కానీ చార్జీ ఇవ్వాల్సి వస్తే వంద మందిని పిలవాల్సిన అవసరమే ఉండదు. ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడితే తేలిపోయే ఎనభై మందిని రైలెక్కించడం, ఆ రైలు ఉచితం అనుకోవడం వల్లే జరుగుతోంది. ఖర్చు తమది కానప్పుడు పొదుపు ఎవరికీ గుర్తుకు రాదు.

ఇంటర్వ్యూ భారాన్ని తగ్గించే దారులు ఉన్నాయని ప్రభుత్వాలే చూపించాయి. కేంద్రం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, గ్రూప్-బి నాన్ గెజిటెడ్ వంటి కింది స్థాయి పోస్టులకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1, గ్రూప్-2 నియామకాల్లోనూ వద్దనుకుంది. సిఫార్సుల్ని, అవినీతిని అరికట్టడం వీటి ప్రధాన ఉద్దేశం కావచ్చు. పేదింటి అభ్యర్థికి ఒక ప్రయాణం తప్పడం మాత్రం అదనపు మేలు. 2020లో కోవిడ్ వచ్చాక ప్రైవేటు సంస్థలు కూడా వీడియోలో ఇంటర్వ్యూలు మొదలుపెట్టాయి. కొంతకాలం ఈ సమస్యే లేనట్టు కనిపించింది.

ఆ ముచ్చట ఎక్కువ కాలం నిలిచేలా లేదు. తెర వెనక ఇంకొకరు జవాబులు అందించడం, కృత్రిమ మేధ సాయంతో నెట్టుకురావడం పెరిగాక కంపెనీలు మళ్లీ మనిషిని ఎదురుగా చూడాలంటున్నాయి. కనీసం ఒక రౌండ్ ముఖాముఖి జరుపుతామని గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ 2025లో చెప్పారు. అంటే రైలు టికెట్ ప్రశ్న తిరిగి వచ్చింది. ఈసారి మాత్రం పాత ఊరట ఒకటి లేదు. ప్రభుత్వోద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్లే నిరుద్యోగ యువతకు రైల్వేలో చార్జీల రాయితీ ఉండేది. 2020 మార్చిలో కోవిడ్ పేరిట రైల్వే శాఖ రాయితీలు నిలిపివేసినప్పుడు అదీ పోయింది. దివ్యాంగులు, రోగులు, విద్యార్థుల్లో కొన్ని వర్గాలకు మాత్రం రాయితీ మిగిలింది. వయోవృద్ధుల రాయితీ గురించి పార్లమెంటులో పదేపదే ప్రశ్నలు వచ్చాయి. నిరుద్యోగుల రాయితీని తలచుకున్నవారు తక్కువ.

ఈ సందులో దూరింది మోసగాళ్లు. పెద్ద కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇంటర్వ్యూ పిలుపు వస్తుంది. విమానం టికెట్, హోటల్ ఖర్చు తమవేనంటారు. కాకపోతే ముందుగా కొన్ని వేలు ‘రిఫండబుల్ డిపాజిట్’ కట్టాలంటారు. కట్టాక ఫోన్ ఎత్తరు. చార్జీలు ఇస్తామన్నవాడి మాట అంత తీయగా వినిపించడానికి కారణం, నిజమైన కంపెనీలు ఆ మాట ఎత్తకపోవడమే. ఇంటర్వ్యూకు పిలిచి డబ్బు అడిగేవాడు ఎవరైనా మోసగాడేనన్నది గుర్తుంచుకోవాల్సిన మొదటి పాఠం.

చట్టం కోసం ఎదురుచూడకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అభ్యర్థి బయల్దేరే ముందే ఒక్క వాక్యంలో అడగవచ్చు: ‘ప్రయాణ ఖర్చుల విషయంలో సంస్థ పద్ధతి ఏమిటో తెలియజేయగలరు.’ అడిగితే ఆశపోతు అనుకుంటారన్న భయం సహజం. మర్యాదగా అడిగినందుకే పక్కన పెట్టే సంస్థ, చేరాక బకాయి జీతం అడిగితే ఎలా చూస్తుందో ఊహించుకోవచ్చు. ఇస్తామంటే ఏ తరగతి వరకు, గరిష్ఠంగా ఎంత, ఎన్నాళ్లలో అన్నది ఈమెయిల్‌లో రాయించుకోవాలి. టికెట్లు, రసీదులు దాచుకోవాలి. మొదటి రౌండ్ వీడియోలో పెట్టమని కోరడంలోనూ తప్పులేదు.

సంస్థల వంతు ఇంకా తేలిక. ఖర్చు ఎవరిదో పిలుపులోనే చెప్పాలి. చివరి రౌండ్‌కు మిగిలిన నలుగురైదుగురికైనా స్లీపర్ చార్జీ ఇవ్వాలి. ఇంటర్వ్యూ తమ కారణంగా వాయిదా పడితే రద్దయిన టికెట్ డబ్బు చెల్లించాలి. ప్రభుత్వం చేయాల్సింది, ఒకప్పటి రాయితీని తిరిగి ఇవ్వడం, కాంట్రాక్టు పోస్టుల ప్రకటనల నుంచి ఆ చివరి వాక్యాన్ని కొట్టేయడం. యూపీఎస్సీ కాబోయే కలెక్టర్‌కు ఇస్తున్న స్లీపర్ చార్జీ, కాబోయే కాంట్రాక్టు నర్సుకు ఇస్తే ఖజానా ఖాళీ అవదు.

పెళ్లికి పిలిచినవారు విడిది ఏర్పాటు చేస్తారు. పంచాయితీకి పిలిచినవారు కనీసం టీ ఇప్పిస్తారు. బతుకుతెరువు పేరుతో పిలిచినవారికే ఎదుటివాడి జేబు గుర్తుకు రాకపోవడం మర్యాద అనిపించుకోదు. ప్రతిభ ఎక్కడున్నా వెతికి పట్టుకుంటామని చెప్పుకునే సంస్థలు ముందు ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ప్రతిభ నడిచి రాదు. దానికీ టికెట్ కావాలి.