ఆప్టిమస్ నిర్యాణమూ, అంగడి లెక్కా



"మా బాల్యాన్ని ఈ సినిమాల వాళ్ళు నాశనం చేశారు" అనే విలాపం 2007 నుండి నా చెవిని పడుతూనే ఉంది. ఆ ఏడాది మైకేల్ బే దర్శకత్వంలో 'ట్రాన్స్‌ఫార్మర్స్' చలనచిత్రం వెలువడింది. అంతకు పూర్వం 1984 నుండి 1987 వరకు అమెరికా టెలివిజన్‌లో అదే పేరుతో కార్టూన్ ధారావాహిక నడిచింది. దానిని చూసి పెరిగిన పిల్లలు నేడు నలభై దాటిన గృహస్థులు. ఆ దేశంలో పెరిగిన మన తెలుగువారి బిడ్డలూ వారిలో ఉన్నారు. అందరిదీ ఒకటే పాట: పాత కార్టూన్ కల్మషం లేనిది, కొత్త చిత్రాలు వట్టి వ్యాపారం. ఈ మాట అసత్యమని నా అభియోగం. అసత్యమైతే పోనీ అనుకోవచ్చు. ఇది అపాయకరమైన అసత్యం.

ముందు ఆ కార్టూన్ జాతకం చూద్దాం. జపానులో టకారా అనే బొమ్మల సంస్థ 1980లో 'డయాక్లోన్' అనే వరుసను, 1983లో 'మైక్రో ఛేంజ్' అనే వరుసను అంగడికి తెచ్చింది. వాటిలో కారు మరమనిషి అవుతుంది, తుపాకీ మరమనిషి అవుతుంది, క్యాసెట్ ప్లేయరు మరమనిషి అవుతుంది. డయాక్లోన్ మరమనుషులకు సొంత బుద్ధి అంటూ లేదు. లోపల కూర్చొని నడిపేందుకు బొటనవేలంత మనిషి బొమ్మలు వేరే ఉండేవి. అమెరికా సంస్థ హాస్‌బ్రో ఈ రెండు వరుసల నుండి తనకు నచ్చినవి ఏరుకొని, వీటికొక కథ అల్లిపెట్టమని మార్వెల్ వారిని అడిగింది. సంపాదకుడు జిమ్ షూటర్ కథాసంగ్రహం రాశాడు. నాయకునికి 'ఆప్టిమస్ ప్రైమ్' అనే పేరు డెన్నిస్ ఓనీల్ పెట్టాడు. తక్కిన పాత్రలలో చాలావాటికి పేర్లూ, గుణగణాలూ సమకూర్చినవాడు బాబ్ బుడియాన్‌స్కీ. ఆ గుణగణాలు బొమ్మ పెట్టె వెనుకనే అచ్చయ్యేవి. బలమెంత, తెలివెంత, వేగమెంత అన్న రేఖాచిత్రం మాత్రం ఎర్రని ప్లాస్టిక్ రేకు అడ్డుపెట్టి చూస్తే తప్ప కానరాదు. (ఆ ఎర్ర రేకు ఉపాయం ఎవరిదో కాని, బడిపిల్లల మనసు బాగా ఎరిగినవాడిది.)

క్రమం గమనించారా? మొదట మూస, తరువాత బొమ్మ, ఆ పిమ్మట పేరు, చిట్టచివర కథ. 1984 సెప్టెంబరు 17న తొలి భాగం ప్రసారమయ్యే నాటికి అంతా సిద్ధం. కార్టూన్‌ను తరువాత ఎవరో వచ్చి వ్యాపారం చేయలేదు. వ్యాపారమే దాని తల్లి.

ఇటువంటి ప్రసారం 1984కు ముందు అమెరికాలో అంత సులువు కాదు. 1969లో 'హాట్ వీల్స్' అనే బొమ్మ కార్ల పేరుతో ఒక కార్టూన్ వచ్చినప్పుడు, పోటీ బొమ్మల సంస్థ ఒకటి ఫిర్యాదు చేసింది. అది కార్యక్రమం ముసుగు వేసుకున్న ప్రకటన అని ప్రసారాల నియంత్రణ సంఘం కూడా తప్పు పట్టింది. 1981లో ఆ సంఘానికి అధ్యక్షుడైన మార్క్ ఫౌలర్ దృష్టి వేరు. టెలివిజన్ కూడా రొట్టెలు కాల్చే యంత్రం లాంటి ఇంటి సామానేననీ, కాకపోతే బొమ్మలు చూపుతుందనీ ఆయన బహిరంగంగానే సెలవిచ్చాడు. 1984లో ప్రకటనల వ్యవధి మీద ఉన్న మార్గదర్శకాలు తొలగిపోయాయి. అదే ఏడాది మన మరమనుషులు ఆకాశం నుండి ఊడిపడ్డారు. 'ఆ రోజుల్లో పిల్లల కార్యక్రమాలు ఎంత బాగుండేవి' అని నిట్టూర్చేవారు ఈ సంవత్సరాన్ని మరచిపోతున్నారు. వారు బంగారుకాలం అని కొలుస్తున్నది కంచె కొట్టివేసిన మరునాటి పొలాన్ని.

1986 ఆగస్టులో వెండితెర కార్టూన్ చిత్రం వచ్చింది. అందులో కథ మొదలైన అరగంటలోపే ఆప్టిమస్ ప్రైమ్ మరణిస్తాడు. అతనితో పాటు 1984 నాటి వీరులు చాలామంది వరుసగా కూలిపోతారు. ఏ కురుక్షేత్రం కోసమూ కాదు; పాత సరుకు దుకాణాల నుండి తప్పుకొని కొత్త సరుకు రావాలి, అంతే. ఆ పనిలో ఉన్న రచయితలే తరువాతి కాలంలో ఈ సంగతి దాచకుండా చెప్పుకున్నారు. ఆ బొమ్మను పిల్లలు తండ్రిలా చూసుకుంటున్నారని ఆనాడు తమకు తోచలేదని కూడా ఒప్పుకున్నారు. థియేటర్లలో పిల్లలు వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ దెబ్బకు అదే సంస్థ తీస్తున్న 'జీ.ఐ. జో' చిత్రంలో చావవలసిన డ్యూక్ అనే నాయకుణ్ణి ఒక్క సంభాషణ అతికించి బతికించారు. 1987లో ఆప్టిమస్ కూడా తిరిగి లేచాడు. పరీక్షిత్తును బతికించడానికి కృష్ణుడు కావలసి వచ్చింది. ఇక్కడ అమ్మకాల లెక్క చాలింది.

ఇంతవరకు చదివి, 'చూశారా, ప్రకటనకు కన్నీరు కార్చిన మూఢులు' అని నవ్వబోయే నా తోటి పండితులకు కూడా ఒక మాట. మీతోనూ నాకు పేచీ ఉంది. కావ్యప్రయోజనాలు చెబుతూ మమ్మటుడు కీర్తి తరువాత రెండవదిగా పేర్కొన్నది ధనార్జననే. మన ప్రబంధకవులు అగ్రహారాలు అందుకోలేదా, కృతిభర్తల వంశవర్ణనలు చేయలేదా? డబ్బు కోసం పుట్టిన ప్రతిదీ నీరసమైతే మన గ్రంథాలయాలలో సగం బీరువాలు ఖాళీ. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి కలిగిన కరుణరసం కరుణరసమే. దాని విభావం గుదామూ జాబితాలోంచి పుట్టిందన్న సంగతి సామాజికుడైన బాలుడి తప్పు కాదు. పైగా ఆ పాత్రలో సారం లేకపోలేదు. ఆప్టిమస్‌కు గొంతు ఇచ్చిన పీటర్ కలెన్, ఆ పరీక్షకు బయలుదేరినప్పుడు వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చిన తన అన్న ల్యారీ ఇచ్చిన సలహా విని, అరుపులు మాని మృదుగంభీరంగా పలికానని ఎన్నోసార్లు చెప్పాడు. అది ఏ అంగడివాడూ ఆజ్ఞాపించినది కాదు. కూలికి వచ్చిన కళాకారుడు తన ఇంటి నుండి తెచ్చి పెట్టినది.

ఆ బొమ్మ విషయమూ అంతే. తెలుగు పండితుడిగా నాకు అది చూడగానే స్ఫురించింది శ్లేష. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం ఒక విరుపుతో రామకథ, మరో విరుపుతో భారతకథ. పదాన్ని ఎక్కడ ఛేదించాలో తెలిస్తే చాలు, అర్థం తిరగబడుతుంది. సభంగ శ్లేష పాఠం చెప్పడానికి నేను తరగతిలో ఎన్నేళ్ళు అవస్థ పడ్డానో! అదే పనిని ఆ పిల్లలు వేళ్ళతో చేశారు. లారీ ముందు భాగం రొమ్ము అవుతుంది, వెనుక భాగం కాళ్ళవుతుంది.  దానిని రూపొందించిన జపాను శిల్పులకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

మరి పేచీ ఎక్కడ? చెబుతాను. మా అన్నయ్య కొడుకు న్యూజెర్సీలో పెరిగినవాడు, నలభై ఆరేళ్ళవాడు. నేను అక్కడికి వెళ్ళినప్పుడు తన గదిలో ఒక అద్దాల బీరువా చూపించాడు. అందులో ఆప్టిమస్ ప్రైములే అయిదు. టకారా వారు 2003 నుండి పెద్దవాళ్ళ కోసమే 'మాస్టర్‌పీస్' అనే ఖరీదైన వరుస తీస్తున్నారు; అందులోవి రెండు. వాడి కొడుక్కి ఆరేళ్ళు. ఆ బీరువా ముట్టుకోవడానికి వీలు లేదు.

"బాబాయ్, అవి ఆడుకునేవి కావండీ, కలెక్షన్" అన్నాడు.

"మరి వీడు దేనితో ఆడుకుంటాడు నాయనా?" అని అడిగాను.

పిల్లవాడు సోఫాలో కూర్చొని పలకలాంటి ఫోనులో, మరెవరో పిల్లవాడు బొమ్మల పెట్టెలు విప్పుతుంటే చూస్తున్నాడు. ఒకటి తరువాత ఒకటి, కథ లేదు, నాయకుడు లేడు, మరణించేవాడూ లేడు.

అపాయకరం అన్నది ఇందుకే. తన కార్టూన్ నిష్కల్మషమని నమ్మినవాడికి, కొడుకు చేతిలోనిది దాని మనవడని కనిపించదు. 1984లో కథకూ ప్రకటనకూ మధ్య గోడ కూలింది. ఇప్పుడు కథ కూడా అనవసరమై పోయింది. 'మాది స్వచ్ఛం, ఇప్పటిది చెత్త' అనుకుంటే ఆ వారస పరంపర ఎలా తెలుస్తుంది? 1990లో అమెరికా ఒక చట్టం తెచ్చింది. పిల్లల కార్యక్రమంలో గంటకు వారాంతాలలో పదిన్నర నిమిషాలు, మిగతా రోజుల్లో పన్నెండు నిమిషాలు మించి ప్రకటనలు ఉండరాదన్నారు. సంతోషమే. అయితే ఆ మరుసటి ఏడాది వచ్చిన నిబంధనలలో మెలిక చూడండి: బొమ్మ మీద అల్లిన కార్యక్రమం ప్రకటన కాదట, ఆ కార్యక్రమం మధ్యలో ఆ బొమ్మ ప్రకటన వేస్తేనే మొత్తం ప్రకటనగా లెక్కించాలట. అరగంట సేపు ఆప్టిమస్ ప్రైమ్ కనిపిస్తే కథ, ముప్పై సెకన్లు కనిపిస్తే ప్రకటన! ఏ న్యాయశాస్త్ర ప్రకారమో నాకు బోధపడలేదు. యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్ అనే సంఘాన్ని పెట్టి, ఇద్దరు కూతుళ్ళ తల్లి పెగ్గీ చారెన్ ఏళ్ళ తరబడి పోరాడినది ఈ మెలిక కోసం కాదు. ఆ కార్టూన్‌ను తలచుకొని కళ్ళు తుడుచుకునేవారిలో ఎందరికి ఆమె పేరు తెలుసు?

ఆప్టిమస్ కోసం ఏడ్చినవారిని నేను తప్పు పట్టను. అయితే 2007లో అదే పీటర్ కలెన్ గొంతును మళ్ళీ తెచ్చి మీ ముందు పెట్టింది మీ మీద ప్రేమతో అనుకోకండి. 1986లో మీ కన్నీటి విలువ వాళ్ళకు తెలియదు. ఇరవై ఏళ్ళలో తెలుసుకున్నారు, వెల కట్టారు, మీరు చెల్లించారు.

మా వాడికి ఈ మాటలన్నీ ఫోనులో చెప్పాను. కోపగించుకున్నాడు. పాత బొమ్మ ఒకటి, చేయి విరిగినది, పిల్లవాడికి ఇచ్చానని మాత్రం నెల తరువాత వదినగారు చెప్పారు. విరిగినదే ఎందుకు, మంచిది ఇస్తే ఏం పోయిందని అడగమన్నాను.