జొన్నలకు కొత్త పేరు, నాలుగింతల ధర

జొన్నపిండి పొట్లం మీద ఇప్పుడు పెద్ద అక్షరాలతో ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాస్తున్నారు. రేపు అరటిపండ్ల మీద ‘ముళ్ళు లేనివి’ అనీ, ఉప్పు పొట్లం మీద ‘ఎముకలు తీసినది’ అనీ రాస్తారేమో! లేనిదాన్ని లేదని చెప్పి కూడా డబ్బు చేసుకోవచ్చని మన పెద్దవాళ్ళకు తెలియలేదు. తెలిసుంటే జొన్న పండించిన ప్రతి రైతూ మేడ కట్టేవాడు.

కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. నా మాట ముందే చెప్పేస్తాను. గోధుమ నిజంగా పడనివాళ్ళున్న ఇంట్లో పిండి ఇంట్లోనే పట్టుకోవాలి. దానివల్ల ప్రాణానికి నెమ్మది, డబ్బుకు ఆదా. గోధుమ హాయిగా అరిగేవాళ్ళకు ఆ పొట్లమూ అక్కర్లేదు, ఆ బడాయీ అక్కర్లేదు. ఇక ఆదా అయిన ఆ డబ్బు ఎవరి రెక్కల కష్టమో ఇంట్లో అందరూ పైకి ఒప్పుకుని తీరాలి. ఈ మూడో మాట దగ్గర చాలామంది మొహం తిప్పుకుంటారు. అందుకే దాన్ని చివరికి పెట్టుకున్నాను.

అసలు గ్లూటెన్ అంటే ఏమిటి? గోధుమలో ఉండే మాంసకృత్తు. బార్లీలోనూ, మన దగ్గర పెద్దగా కనిపించని రై అనే ధాన్యంలోనూ దాని చుట్టాలుంటాయి. చపాతీ ముద్ద సాగేదీ, బ్రెడ్డు పొంగి మెత్తగా నిలిచేదీ దానివల్లే. మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, మామూలు సేమ్యా అన్నీ గోధుమ పిల్లలే. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, బియ్యం, మొక్కజొన్న, శనగ, పెసర, మినుము - వీటిలో గ్లూటెన్ పుట్టుకతోనే లేదు. ఎవరో కష్టపడి తీసేసింది కాదు.

ఈ ధాన్యాలు మనకు కొత్తా? తెలంగాణలో జొన్నరొట్టె, రాయలసీమలో రాగిసంకటి, ఉత్తరాంధ్రలో చోడి అంబలి తరతరాలుగా కడుపు నింపాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదింట్లోనూ రోజూ వరన్నం ఉడికింది. ఆకలి తీరింది, ఆ మేలును కాదనను. కానీ దాంతోపాటు ‘వాళ్ళు జొన్నకూడు తినేవాళ్ళు’ అనే చులకన కూడా గట్టిపడింది. చుట్టాలొస్తే రొట్టెల పెనం దాచేసిన ఇళ్ళు ఎన్ని లేవు! 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించేసరికి ఆ పెనానికే పూజలు మొదలయ్యాయి. పూజ చేస్తే సంతోషమే. కానీ ఆ జొన్నలు పండించిన రైతుకు దక్కేదేమిటి, పొట్లం కొనే ఇల్లాలు ఇచ్చుకునేదేమిటి? అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

ఇప్పుడు అసలు బాధ ఎవరిదో చూద్దాం. మా ఆడపడుచు కూతురికి పదకొండేళ్ళు. ఆరో ఏట దాకా ఆ పిల్ల ఎదుగే లేదు. ఎప్పుడూ కడుపు ఉబ్బరం, విరేచనాలు, పాలిపోయిన మొహం. రక్తం పట్టడానికి ఎన్ని సీసాల మందు తాగించినా పట్టలేదు. చివరికి ఒక డాక్టరు పరీక్ష చేయించి సీలియాక్ అని తేల్చారు. అంటే గోధుమ లోపలికి వెళ్తే ఒంట్లోని రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు మీదే తిరగబడుతుంది. తిన్న తిండి సారాన్ని పీల్చుకునే సన్నటి నూగులాంటి పొర అరిగిపోతుంది. తినడం మానడమే దీనికి వైద్యం. ఒక నెలో ఏడాదో కాదు, జన్మంతా.

గోధుమ మానిన ఏడాదికల్లా పిల్ల గౌన్లన్నీ పొట్టివైపోయాయి. వాళ్ళమ్మ ఆ మాట ఫోనులో చెబుతూ నవ్వుతూ ఏడ్చింది.

అలాంటి పిల్లను పెళ్ళికి తీసుకెళ్తే పంక్తిలో ఒక పెద్దావిడ, “ఒక్క పూరీ తింటే ఏమవుతుందే? పిల్ల నోరు కట్టేస్తున్నావు, పాపం!” అంది. ఇంకొకాయన, “మా కాలంలో ఈ జబ్బులన్నీ ఉన్నాయా?” అన్నాడు. ఉన్నాయండీ, పేరు తెలియకుండా పిల్లలు పోయారు. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకని కరువొచ్చింది. విల్లెం డికె అనే పిల్లల డాక్టరుకు అప్పటికే గోధుమ మీద అనుమానం. ఊరంతా ఆకలితో చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు తేరుకోవడం, మళ్ళీ బ్రెడ్డు రాగానే మంచాన పడటం ఆయన చూశాడు. 1950లో తన పరిశోధన గ్రంథంలో ఆ సంగతి రాశాడు. మన దేశంలో ఈ జబ్బు గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిన ఎక్కువ, మన వైపు తక్కువ. తక్కువ కాబట్టే మన వైపు ఎవరూ నమ్మరు. ఆ తల్లి కష్టం అక్కడే రెట్టింపవుతుంది.

“పొట్లం అంత ఖరీదైతే గిర్నీకెళ్ళి పట్టించుకోవచ్చుగా, కిలోకు పది రూపాయలు కూడా కాదు” అంటారు. మామూలు ఇంటికి అది చక్కటి సలహా. ఆ పిల్ల ఇంటికి మాత్రం అది విషం. పిండిమరలో మనకంటే ముందు ఎవరు ఏం పోశారు? గోధుమలు. ఆ పిండి రాళ్ళ సందుల్లో, గొట్టంలో, చివరి సంచిలో ఉండనే ఉంటుంది. మరవాడి తప్పేం లేదు, అతను పిడికెడు గింజలు పోసి మర తుడిచేశాననే అనుకుంటాడు. కానీ ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే మన దేశపు ఆహార నిబంధన ప్రకారం కిలోలో 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. గోధుమపిండిలో సుమారు పదో వంతు గ్లూటెన్ అనుకుంటే, కిలో జొన్నపిండిలో చిటికెడు గోధుమపిండి కలిసినా గీత దాటినట్టే. గిర్నీలో గాలికి ఎగిరేదే అంతకంటే ఎక్కువ!

అందుకని ఆ పొట్లాన్ని పూర్తిగా తిట్టను. పరీక్ష చేయించి, గోధుమ తగలని చోట పట్టి అమ్మేవాళ్ళకు ఖర్చవుతుంది, నిజమే. ప్రయాణాల్లో అది అక్కరకొస్తుంది. నా తగాదా ఎక్కడంటే, సన్నబడటానికని, మొహం మెరవడానికని, ఎవరో వీడియోలో చెప్పారని గోధుమ మానేసి ఆ పొట్లాలు బుట్టలో వేసుకునే మోజు దగ్గర. ఆ మోజు ధరను పైకి ఎత్తుతుంది, ఆ భారం మాత్రం మానక తప్పని పిల్ల తల్లి మీద పడుతుంది. ఒంట్లో అనుమానముంటే ముందు రక్తపరీక్ష చేయించుకోండి, ఆ తర్వాతే గోధుమ మానండి. ముందే మానేస్తే పరీక్షలో జబ్బు కనబడకుండా దాక్కుంటుంది. పరీక్షలో ఏమీ లేదంటే నిక్షేపంగా చపాతీ తినండి. జొన్నరొట్టె ఇష్టమా, అదీ తినండి, గిర్నీలో పట్టించుకునే తినండి. దానికి బంగారు ముద్ర ఎందుకు?

ఇక లెక్క. మా ఊళ్ళో నేను చూసిన ధరలే చెబుతున్నాను, మీ ఊళ్ళో కాస్త అటూ ఇటూ ఉంటాయి. ‘గ్లూటెన్ ఫ్రీ’ రొట్టెల పిండి కిలో 240 రూపాయలు. పొట్లం వెనక చదివితే జొన్న, బియ్యం, శనగ, కాస్త సగ్గుబియ్యం, కాస్త ఇసబ్గోల్. జొన్నలు కిలో 60. నెలకు నాలుగు కిలోలనుకుంటే పొట్లాలకు 960, గింజలకు 240. తేడా 720. తాలూ తుక్కూ, కరెంటూ కలిపి ఇరవై తీసెయ్యండి. 750 వాట్ల మిక్సీ పది నిమిషాలు తిరిగితే కాలేది యూనిట్‌లో ఎనిమిదో వంతే, కరెంటుకు భయపడక్కర్లేదు. నెలకు 700 మిగిలింది. ఏడాదికి 8,400.

ఇది చూసి వెంటనే ఇంట్లో పెట్టుకునే పిండిమర కొనెయ్యకండి. పదిహేడు వేలు పెట్టి కొంటే ఆ డబ్బు రాబట్టుకోవడానికే రెండేళ్ళు పడుతుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి కావాలంటే అప్పుడు ఆలోచించండి. ఒక్కరికైతే మిక్సీ చాలు, కానీ జారు వేరే కొనండి. జల్లెడ వేరే, రొట్టెల పీట వేరే, పిండి డబ్బా వేరే. వాటి మీద రంగు దారం కట్టండి, అత్తగారైనా పనమ్మాయైనా పొరపాటున గోధుమపిండికి తీయకుండా ఉంటారు.

గింజలు కొన్నాక పళ్ళెంలో పోసి ఏరండి. కొట్టులో ఒకే చేటతో, ఒకే తూకం గిన్నెతో అన్నీ తీస్తారు, గోధుమ గింజలు కనిపిస్తూనే ఉంటాయి. కడిగి, నీడపట్టున ఆరబోసి, గలగలమనేదాకా ఎండబెట్టాలి. ఒక్కో వాయికి 200 గ్రాములకు మించి వెయ్యకుండా, మధ్యలో మిక్సీని చల్లారనిస్తూ పట్టాలి. జల్లించగా పైన మిగిలిన రవ్వ మళ్ళీ వేసినా సరే, ఉప్మాకు దాచుకున్నా సరే. వేడి పిండిని డబ్బాలో పెట్టి మూత బిగిస్తే చెమ్మ పడుతుంది, ఆరనివ్వండి. సజ్జపిండి మాత్రం వారానికి సరిపడానే పట్టుకోండి. సజ్జలో నూనె ఎక్కువ, పిండి చేశాక తొందరగా చేదెక్కుతుంది. రాగులు మిక్సీలో అంత మెత్తగా నలగవు, నానబెట్టి మినప్పప్పుతో రుబ్బి అట్లు పోసుకుంటే పిండి గొడవే ఉండదు.

జొన్నరొట్టె విరిగిపోతోందని బెంగ వద్దు. సాగదీసే గ్లూటెన్ లేదు కాబట్టి మరిగే నీళ్ళు పోసి కలపాలి, వేడికి పిండి జిగురెక్కుతుంది. మన పెద్దమ్మలు చేతుల మీద చరిచిన రొట్టెల రహస్యం అదే. పాత పిండికి ఆ జిగురు రాదు. పొట్లం ఎన్నాళ్ళ నుంచి కొట్టులో ఉందో ఎవరికెరుక?

ఇంకో హెచ్చరిక. పిండి ఒక్కటీ ఇంట్లో పట్టుకుంటే సరిపోదు. పోపులో వేసే కూట్టు ఇంగువలో చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు. పాలలో కలిపే పొడుల్లో ‘మాల్ట్’ అని ఉంటే అది తరచుగా బార్లీదే. ఇంట్లో మొలకెత్తించి చేసుకున్న రాగిమాల్టు వేరు, కొన్నదైతే వెనక చదవండి.

ఇప్పుడు ఆ మూడో మాటకొద్దాం. ఏరడం, కడగడం, ఎండబెట్టడం, పట్టడం, జల్లించడం, మిక్సీ కడగడం. కిలోకు గంటన్నర వేసుకోండి, నెలకు ఆరు గంటలు. మిగిలిన 700ను ఆరుతో భాగిస్తే గంటకు దాదాపు నూటపదహార్లు! పెళ్ళిలో ఎవరైనా నూటపదహార్లిస్తే చదివింపుల పుస్తకంలో ఇంటిపేరుతో సహా రాసుకుంటాం. నెలకు ఆరుసార్లు అంత చదివించిన ఇల్లాలి పేరు ఏ పుస్తకంలో ఉంది?

“మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది కదా, ఊరికే పడుతుంది” అంటారు. ఈ ‘ఊరికే’ అనే మాటను నిఘంటువులోంచి తీసేయాలనిపిస్తుంది నాకు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా జనం సమయం ఎలా గడుపుతున్నారో లెక్క తీసింది. జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు అని తేలింది. ఆ 299లోకి ఇంకో గంటన్నర తోసేసి దానికి పొదుపు అని పేరు పెడితే, అది పొదుపు కాదు, చేతులు మారిన ఖర్చు. పొట్లంవాడికి ఇవ్వాల్సిన డబ్బును మన నడుము కట్టింది, అంతే.

అందుకని పట్టొద్దు అనడం లేదు. ఆ పిల్ల పేగు కోసం పట్టాల్సిందే. కానీ పిల్ల ఒక్క తల్లికే పుట్టలేదు. గింజలు ఏరడానికి పట్టా అక్కర్లేదు, తండ్రి టీవీ చూస్తూ ఏరొచ్చు. మిక్సీ మీట నొక్కడం నాన్నమ్మకు, అన్నయ్యకు కూడా వచ్చు. ఆ 700 రూపాయలు నెలనెలా తల్లి పేరున విడిగా జమకట్టాలి. ‘మిగిలింది’ అని కాకుండా ‘సంపాదించింది’ అని రాయాలి.

ఊరి సంగతీ అడుగుదాం. మన పొదుపు సంఘాలు పచ్చళ్ళు పెడుతున్నాయి, అప్పడాలు చేస్తున్నాయి. ప్రతి పట్టణంలో ఒక్క సంఘం, గోధుమ గింజ గడప తొక్కని ఒక్క మర పెడితే ఎంతమంది తల్లులకు ఆ ఆరు గంటలు తిరిగొస్తాయి! మామూలు గిర్నీ కంటే కిలోకు ఐదు రూపాయలు ఎక్కువిచ్చి ఆ వాకిట్లో నిలబడతాం. మీ సంఘం వచ్చే సమావేశంలో ఈ మాట ఎత్తండి. ఎవరూ ఎత్తకపోతే ఆ పిల్ల తల్లి ఈ ఆదివారం కూడా ఒక్కతే కూర్చుని జొన్నలేరుతుంది, పక్కగదిలో ఎవరో ‘పొట్లం డబ్బులు మిగిలాయి’ అని సంతోషిస్తారు.