గడ్డను వెదకి వెళ్ళే మందు



"కేన్సరు గడ్డకు మాత్రమే వెళ్ళి, మిగతా శరీరాన్ని ముట్టని మందు వచ్చిందట, నిజమేనా?" అని కొందరు అడుగుతుంటారు. అది సగం నిజం. ఆ సగమేమిటో తెలిసికొని ఉండుట మంచిది. ఎందుకంటే, తక్కిన సగాన్ని కూడ నమ్మినవారు ఆపరేషను వాయిదా వేసుకొనే ప్రమాదమున్నది.

డాక్సోరూబిసిన్ అనే ఎర్రని మందు ఉన్నది. సెలైనులాగా రక్తంలోకి ఎక్కిస్తే ఒళ్ళంతా వ్యాపిస్తుంది. గడ్డతోపాటు జుట్టునూ కడుపునూ బాధిస్తుంది. మొత్తం మోతాదు పెరిగేకొద్దీ గుండె బలహీనపడవచ్చు. యెరూషలేములో పనిచేసిన బారెన్‌హోల్జ్, గబిజోన్ అనే శాస్త్రజ్ఞులు, అమెరికాలోని సహచరులతో కలిసి, ఆ మందునే అతి చిన్న కొవ్వు బుడగలలో నింపారు. పదివేల బుడగలను వరుసగా పేర్చితే సుమారు 1 మిల్లీమీటరు అవుతుంది! 1995లో అమెరికా ప్రభుత్వం 'డాక్సిల్' అను పేరుతో దానిని అనుమతించింది. మొదట అనుమతించినది కపోసీ సార్కోమాకు. ఇది రక్తనాళాల పొరలో పుట్టి, ఎక్కువగా చర్మంమీద ఊదారంగు మచ్చలుగా కనిపించే కేన్సరు; ఎయిడ్స్ రోగులలో వచ్చేది. 2012లో అమెరికాలో డాక్సిల్ కొరత ఏర్పడినప్పుడు, మన దేశపు సన్ ఫార్మా వారి మందును అక్కడికి తెప్పించుకొన్నారు.

బుడగకు దారి ఎలా తెలుస్తుంది? నిజానికి దానికి దారి తెలియదు. తొందరగా నేసిన తాటాకు కప్పు కారుతుంది కదా! త్వరత్వరగా పెరిగే గడ్డలోని రక్తనాళాలకు కూడ అలాగే సందులుంటాయి. ఆరోగ్యమైన నాళాలలో నిలిచిన బుడగ అక్కడ కారి గడ్డలోనికి దిగుతుంది. అందువలన గుండెకు హాని తగ్గింది, జుట్టు రాలడమూ తగ్గింది.

అయినను ఎక్కించిన మందులో చాలా భాగం గడ్డకు చేరదు. కొంత అరచేతులకు, అరికాళ్ళకు చేరి ఎర్రబడి మండవచ్చు, బొబ్బలు రావచ్చు, తోలు ఊడవచ్చు. కాబట్టి ఇంట్లో ఈ మందు తీసికొనేవారుంటే, మందు ఎక్కించిన కొన్ని రోజులు పార పట్టనీయకండి, బిగువు చెప్పులు వేయనీయకండి, వేడినీళ్ళకు దూరంగా ఉంచండి. మంట మొదలైతే ఓర్చుకొమ్మనక డాక్టరుగారికి చెప్పండి. వారు మోతాదు తగ్గిస్తారు, లేదా తరువాతి విడతను ఆలస్యం చేస్తారు.

చివరిగా ఒక్కమాట. చర్మ కేన్సర్లలో చాలావాటికి మొదటి వైద్యం ఈ బుడగలు కావు, కత్తే. నెల దాటినా మానని పుండు, రూపు మారుతున్న పుట్టుమచ్చ, అరికాలిలో పెరిగే నల్లమచ్చ, పాత కాలిన మచ్చలో లేచిన పుండు ఉంటే పసరు పోసి కాలం గడపవద్దు. చిన్నదిగా ఉండగా చూపిస్తే చాలామందికి ఒక చిన్న ఆపరేషనుతో తీరిపోతుంది. గడ్డను వెదకి వెళ్ళే మందుకొరకు ఎదురుచూచుటకంటె, గడ్డను మనమే ముందుగా వెదకుట మేలు.